పైన పేర్కొన్న బిల్లులు

గత నెలలో ఒక ఆదివారం ఉదయం, షామ్‌బర్గ్‌లోని మా వంటగదిలో ఇడ్లీపిండి కలుపుతూ ఉండగా అరిజోనా నుంచి ఫోను వచ్చింది. చేసిన అమ్మాయి పేరు హర్షిత. ఖమ్మం నుంచి వచ్చి, నేను ఒకప్పుడు చదివిన విశ్వవిద్యాలయంలోనే మాస్టర్స్ చేస్తూ, నేను పనిచేసిన గ్రంథాలయంలోనే, పాత పత్రాల విభాగంలో పనిచేస్తోంది. అరిజోనా టెరిటరీ శాసనసభల చేతిరాత పుస్తకాలను విద్యార్థిగా ఉన్న రోజుల్లో నేను టైపు చేసిపెట్టాను. ఇప్పుడు వాటిని కంప్యూటరు చేత కొత్తగా చదివించి, ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకునేలా పెడుతున్నారట. పాత టైపు ప్రతి అట్టమీద నా పేరు చూసి, అక్కడా ఇక్కడా అడిగి నా నంబరు సంపాదించింది.

"ఆంటీ, చిన్న డౌట్. ఈ సాఫ్ట్‌వేర్ రిపీట్ అయిన లైన్లన్నీ ఎల్లోలో చూపిస్తోంది. ఒక్కో బిల్లు పేరు మూడు మూడు సార్లు ఉంది. పేజీలకు పేజీలు ఎల్లోనే. డూప్లికేట్సే కదా, డిలీట్ చేసెయ్యాల్నా?"

"వద్దమ్మా. ఒక్క లైను కూడా తీయకు."

"ఓకే ఆంటీ. కానీ ఎందుకని మా సూపర్‌వైజర్ అడిగితే ఏం చెప్పాలి?"

సాయంత్రం తీరిగ్గా చెప్తానని ఫోను పెట్టేశాను. చెప్పడానికి ముందు నాకై నేను వరుసగా గుర్తుచేసుకోవాలనిపించింది. ఈ అధ్యాయం ఆ ఆదివారం మధ్యాహ్నం గుర్తుచేసుకున్నదే.

ముందు ఆ పుస్తకాల సంగతి చెప్పాలి. అరిజోనా చాలాకాలం రాష్ట్రం కాదు, టెరిటరీ. అంటే దేశంలో భాగమే కాని ఇంకా రాష్ట్ర హోదా రాని నేల. గవర్నరును పైనుంచి నియమించేవారు; శాసనసభను మాత్రం అక్కడ స్థిరపడినవాళ్ళు ఎన్నుకునేవారు. మొదటి సభ ప్రెస్కాట్‌లో, పైన్ చెట్ల మధ్య, దుంగలతో కట్టిన ఇంట్లో కూర్చుంది. గనుల వాళ్ళు, పశువుల వాళ్ళు, వకీళ్ళు, వర్తకులు రోజుల తరబడి గుర్రాలమీద ప్రయాణం చేసి వచ్చి, దుంగల సందుల్లోంచి వీచే చలిగాలిలో అంత పెద్ద నేలకు చట్టాలు చేశారు. కొండదారి వేసే హక్కు ఎవరికి, నదిమీద పడవ నడిపే హక్కు ఎవరికి, రాజధాని ఏ ఊరు అని వాదించుకున్నారు. ఈ చివరి వాదం తెగక రాజధాని ప్రెస్కాట్ నుంచి టూసాన్‌కూ, మళ్ళీ ప్రెస్కాట్‌కూ, చివరికి ఫీనిక్స్‌కూ తరలింది. ఆ నేల మొదటినుంచీ ఎవరిదో ఆ ఆదివాసుల గొంతు మాత్రం ఆ పుస్తకాల్లో వినపడదు; వాళ్ళ ప్రస్తావన శత్రువులుగానే వస్తుంది. చదివేవాళ్ళు అది మరచిపోకూడదు. ఇంత పెద్ద పనుల మధ్యనే ఆ సభ ఒక్కొక్క మనిషి గోడు కూడా వినేది. ఒకరికి పేరు మార్చుకోవాలని ఉంటే దానికొక చట్టం. ఒక స్త్రీని భర్త వదిలిపోతే, ఆమెకు విడాకులు ఇస్తూ ఆమె పేరుతోనే ఒక చట్టం. ఏ బిల్లునైనా సభలో మూడుసార్లు చదవాలి. అచ్చు ప్రతులు అరుదైన చోట, వచ్చిన సభ్యులందరికీ చదువు సమంగా రాని చోట, చట్టమంటే ముందు చెవినపడవలసిందే. గుమాస్తా ఆ మూడు పఠనాలనూ, ప్రతిసారీ బిల్లు పేరు పూర్తిగా రాసి, నమోదు చేసేవాడు.

నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో, అరిజోనాలోనే చాండ్లర్‌లో రాఘవ అంకుల్, వసంత ఆంటీల ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. అంకుల్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఆంటీ ఆ ఇంటికి గడియారం. ఆరున్నరకు డికాక్షన్ వాసన, ఏడింటికి ఇంగువ పోపు, ఏడున్నరకు పిల్లల స్కూలు బస్సు వెనక ఆవిడ కేక. ఎప్పుడో ఒకసారి వాన పడితే వాకిలి తలుపు తెరిచిపెట్టేవారు. తడిసిన ఎడారి పొదల ఘాటు వాసన, కొంచెం మందుల కొట్టు వాసన లాంటిది, ఇల్లంతా నిండేది. ఆ సంవత్సరం ఆరు నెలలపాటు అంకుల్‌గారి నాన్నగారు కూడా వచ్చి ఉన్నారు. ఒంగోలు దగ్గర ఒక సబ్ రిజిస్ట్రారు కచేరీ ముందు ఆయన జీవితమంతా దస్తావేజులు రాశారు. ఇంట్లో అందరిలాగే నేనూ తాతగారూ అని పిలిచేదాన్ని. తెల్లటి లుంగీ, చేతులున్న బనియను, మోకాళ్ళకు నీలగిరి తైలం. మందు సీసామీది చీటీ అయినా, పాల డబ్బామీది అక్షరాలైనా, కాగితంమీద వేలు ఆనించి, పెదవులు కదుపుతూ మొదటినుంచి చివరిదాకా చదివేవారు. మధ్యలో ఎవరు పలకరించినా వేలు తీయకుండా తలూపి, వాక్యం అయ్యాకే జవాబు చెప్పేవారు.

నేను చదివే పద్ధతి వేరు. దాని మూలం మార్కాపురంలో ఉంది. మా నాన్న పలకల కార్ఖానాలో రాయి చీల్చేవాడు. ఊళ్ళూళ్ళ పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకలు ఆయన చేతిమీదుగా వెళ్ళేవి. ఆయనకు మాత్రం అక్షరం రాదు. అమ్మకూ రాదు. మా ఇంట్లో చదవడం వచ్చిన మొదటి మనిషిని నేను. అందువల్ల రెండో తరగతి నుంచీ ఇంటికి వచ్చే ప్రతి కాగితమూ నా ముందుకే వచ్చేది. చదివే మనిషి ఒక్కరే, వినేవాళ్ళు నలుగురైనప్పుడు చదివే మనిషికి ఒక అలవాటు పట్టుకుంటుంది. ఏది ముఖ్యమో, ఏది కాదో తనే తేల్చేస్తుంది. సూరత్ మిల్లులో పనిచేసే మా పెదనాన్న ఉత్తరాల చివర ఇంట్లో అందరి పేర్లూ, పక్కింటివాళ్ళ పేర్లతో సహా వరుసగా రాసి, అడిగినట్లు చెప్పమనేవాడు. ఆ వరుస ప్రతి ఉత్తరంలోనూ ఒకటే కనుక నేను 'అందర్నీ అడిగాడు' అని ముగించేసేదాన్ని.

"అందరంటే ఎవరెవరే?" అన్నాడు నాన్న ఒకసారి, రాతిదుమ్ము కడుక్కుంటూ.

"అందరూ నాన్నా. ఎప్పుడూ రాసేదేగా."

"ఎప్పుడూ రాసేదైతే ఎప్పుడూ చదువు. మీ అమ్మ పేరుందా లేదా?"

ఉందని చెప్పాను. అమ్మ పొయ్యిముందు నుంచి లేవకుండానే "ఎన్నోదిగా ఉంది?" అని అడిగింది. మూడోదిగా ఉందని చెప్పాను. ఆ పూట పేర్లన్నీ చదివాను. తరువాతి ఉత్తరానికి మళ్ళీ పాత పద్ధతే. చురుకైన పిల్లనని బడిలో అందరూ మెచ్చుకున్నది కూడా ఆ చురుకునే. పది పేజీల పాఠాన్ని పది వాక్యాల్లో చెప్పగలిగేదాన్ని. డిగ్రీదాకా, ఆ తరువాత విమానం ఎక్కేదాకా నన్ను నడిపించింది ఆ నేర్పే.

గ్రంథాలయంలో నా పై అధికారి డయాన్ అనే ఆవిడ. మొదటి రోజునే చేతిరాత పుస్తకం ముందు పెట్టి, ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలని చెప్పింది. మొదటి నెల అలాగే చేశాను. ఆ తరువాత మూడో పఠనం జరిగిన రోజుల పేజీలు విసుగు పుట్టించాయి. ఆ రోజుల్లో గుమాస్తా ముందుగా బిల్లుల పేర్లన్నీ వరుసగా రాసేవాడు. అవన్నీ నేను అప్పటికే రెండేసి సార్లు టైపు చేసిన పొడుగాటి పేర్లు. ఆ వరుస కింద ఒకే వాక్యం ఉండేది: పైన పేర్కొన్న బిల్లులు విడివిడిగా మూడోసారి చదవబడి ఆమోదం పొందినవి. పేరు పేరుకూ ఓట్లు రాసిన పెద్ద బిల్లులను ముట్టుకోలేదు. చిన్న బిల్లుల వరుసలు మాత్రం, ముందు ఉన్నవే కదా అని వదిలేసి, కింది వాక్యాన్ని మాత్రం టైపు చేశాను. ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. నా పని వేగం చూసి డయాన్ సంతోషించింది. నేనూ సంతోషించాను.

ఆ చలికాలంలో ఎలినార్ అనే ఒక వృద్ధురాలి నుంచి గ్రంథాలయానికి ఉత్తరం వచ్చింది. ఆవిడ ముత్తవ్వ పేరు హానా. ప్రెస్కాట్‌లో గనుల వాళ్ళకు వండిపెట్టి బతికేది. పైక్ అనే మొదటి భర్త ఆమెను వదిలి ఎటో పోయాడు. తరువాత లోవెల్ అనే వడ్రంగిని పెళ్ళాడి, పిల్లల్ని కని, ఆ ఊళ్ళోనే పోయింది. ఆమె సమాధికి రాయి లేదు. వేసిన కొయ్య గుర్తు ఎప్పుడో పుచ్చిపోయింది. ఎలినార్, ఆవిడ చెల్లెలు రూత్ కలిసి ఇప్పుడు రాయి పెట్టించదలిచారు. చిక్కల్లా ఆ రాతిమీద చెక్కవలసిన ఇంటిపేరు దగ్గర వచ్చింది. మొదటి పెళ్ళి ఎన్నడూ రద్దు కాలేదనీ, రెండోది పెళ్ళే కాదనీ బంధువుల్లో కొందరు మూడు తరాలుగా అంటూ వచ్చారు. హానాకు సభ విడాకులు ఇచ్చిందా లేదా అని అక్కచెల్లెళ్ళు అడిగారు. ఇవ్వకపోయి ఉంటే అబద్ధం చెక్కించలేమనీ, పైక్ పేరే పెట్టిస్తామనీ రాశారు.

హానా కాలపు శాసనసభ సమావేశంలో ఒక్కొక్క మనిషి కోసం చేసిన ప్రైవేటు చట్టాల అచ్చు పుస్తకం మా దగ్గర లేదు. ఉన్నది నా టైపు ప్రతి. హానా పేరు కోసం వెతికాను. మొదటి పఠనం కనపడింది. రెండో పఠనం కనపడింది. ఆపైన లేదు. బిల్లు రెండోసారి చదివాక ఆగిపోయినట్లుందని, విచారం తెలుపుతూ, తప్పులేని ఇంగ్లీషులో జవాబు రాశాను. ఎలినార్ నుంచి కృతజ్ఞతలు తెలుపుతూ చిన్న కార్డు వచ్చింది. వచ్చే సోమవారం రాతిపనివాడు మొదలుపెడతాడనీ, పైక్ పేరే చెక్కమని చెప్పామనీ, నిజం తెలిసినందుకు మేలేననీ అందులో ఉంది.

ఆ కార్డు వచ్చిన మరునాడు శుక్రవారం. నేను దిద్దుకోవడానికి తెచ్చుకున్న టైపు కాగితాలు డైనింగ్ టేబులు మీద ఉన్నాయి. తాతగారు ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపి, వాటిమీద వేలు ఆనించి చదువుతున్నారు. కచేరీలో ఆయన చూసిన ఇంగ్లీషు అంతా చట్టాల ఇంగ్లీషే. ఈ కాగితాలు ఆయనకు చుట్టాల్లాంటివి.

"మామయ్యగారూ, ఇడ్లీ చల్లారిపోతోంది. ఇది మీ కచేరీ కాదు, చాండ్లర్" అంది వసంత ఆంటీ.

"ఉండమ్మా, దస్తావేజుకొచ్చిన పార్టీని ఎదురుగా పెట్టుకుని తినకూడదు" అన్నారాయన, తల ఎత్తకుండా. కాసేపటికి వేలు ఒకచోట ఆగిపోయింది. "అమ్మాయ్, ఇట్రా. పైన పేర్కొన్న బిల్లులు అని ఉంది. పైన ఏముంది?"

"బిల్లుల పేర్లు తాతగారూ. అవి ముందు పేజీల్లో వచ్చేశాయి. అందుకని మళ్ళీ టైపు చేయలేదు."

"ముందు పేజీల్లో ఉన్నాయి సరే. ఈ వాక్యానికి పైన ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే ఆ 'పైన' దేన్ని పట్టుకుని నిలబడుద్దమ్మా? రేపు ఒకడొచ్చి, నా బిల్లు ఆ పైనలో ఉందా అని అడిగితే ఏం చూపిస్తావు?"

నేను నవ్వుతూనే, "రాసినవే మళ్ళీ మళ్ళీ రాశాడండీ ఆ గుమాస్తా. పనిలేక" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నలభై ఏళ్ళు రాశాను నేను. తూర్పు ఫలానా, పడమర ఫలానా అని హద్దులు ప్రతి దస్తావేజులోనూ పూర్తిగా రాయాల్సిందే. మొన్ననే రాశాంగా అంటే కుదరదు. రాశాక చదివి వినిపించాలి. చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకుని అని రాసి, అప్పుడు వేలిముద్ర. వేలిముద్ర వేసేవాడికి చదువు రాదు చూడు. నేను ఒక హద్దు మింగితే వాడికి తెలవదు. తెలిసేది నాకొక్కడికే. అందుకే మింగకూడదు."

ఆ మాటతో నాకు కార్డు గుర్తొచ్చింది. హానా పేరు గుర్తొచ్చింది. కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఆంటీ నా ముఖం చూసి, "ఏమైందే, ఒంట్లో బాగాలేదా?" అంది. ఏమీ కాలేదని చెప్పి గ్రంథాలయానికి బస్సు అందుకున్నాను. ఆ ప్రయాణంలో నేను అనుకున్నది ఒకటే. ఆమె పేరు ఆ వరుసలో లేకుండా ఉంటే బాగుండునని ఒక క్షణం కోరుకున్నాను. ఉంటే తప్పు నాది. లేకపోతే హానా పైక్‌గానే మిగిలిపోతుంది. ఆ కోరిక కలిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను, కాని అది ఒక్క స్టాపు దూరమే నాతో వచ్చింది.

చేతిరాత పుస్తకం తెరిచి ఆ పేజీ తీశాను. వేలు ఆనించి చదివాను, తాతగారిలాగే. పడవ రేవు బిల్లు, ఒక పేరు మార్పు బిల్లు, కొండదారి బిల్లు, నాలుగోదిగా హానాకు ఉపశమనం కలిగించు బిల్లు, అంటే ఆమె విడాకుల బిల్లే. కింద గుమాస్తా వాక్యం. కొన్ని పేజీల తరువాత, ఉభయ సభలూ ఆమోదించిన బిల్లులమీద గవర్నరు సంతకం చేసి పంపిన వరుస. అది కూడా పాతదే కదా అని నేను టైపు చేయకుండా వదిలేసినదే. అందులోనూ ఆమె పేరుంది.

డయాన్ గదిలోకి పుస్తకమూ నా కాగితాలూ రెండూ తీసుకెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నాకు మాటలు పేర్చడం అలవాటు. ఆ రోజు పేర్చలేదు. ఆ ఉద్యోగం పోతే ఫీజుకు వేరే దారి లేదని నాకు తెలుసు. ఆవిడ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇలా ఎన్ని చోట్ల?" అని అడిగింది.

"చిన్న బిల్లుల వరుసలన్నీ."

"అయితే అన్నీ మళ్ళీ చేస్తావు. మొదటి పేజీ నుంచి." ఫోను నా వైపు తిప్పింది. "ఆవిడకు నేను చెప్పను. నువ్వే చెప్పు. ఇప్పుడే."

ఫోనులో ఎలినార్ గొంతు సన్నగా, మర్యాదగా వినపడింది. నా పేరు చెప్పి, నేను రాసిన జవాబు తప్పని, తప్పు పుస్తకానిది కాదు నాదని చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "సరే. అందులో ఏముందో చదువుతారా?" అంది. ఆ రోజు తేదీ, సభ పేరు, వరుసలోని పేర్లన్నీ, కింది వాక్యం చదివాను. పడవ రేవునూ కొండదారినీ కూడా వదలలేదు. ఆవిడకు చెవులు కొంచెం మందం. "నెమ్మదిగా, నేను రాసుకుంటాను" అంది. రెండోసారి మాట మాట ఆగుతూ చదివాను. అటువైపు పెన్సిలు కాగితంమీద గీసుకుంటున్న చప్పుడు వినపడింది. అయ్యాక ఫోనుకు దూరంగా తిరిగి, "రూత్, ఇలా రా. నువ్వూ విను" అని పిలిచింది. కుర్చీ జరిగిన చప్పుడు. ఇంకొక ముసలి గొంతు, "ఎవరూ? ఏమిటీ?" అని. అక్క ఫోను ఇద్దరి మధ్య పట్టుకున్నట్లుంది. మూడోసారి చదివాను.

అప్పుడు రూత్, "అయితే ఆవిడ లోవెలే" అంది.

"ఎప్పటినుంచో లోవెలే" అంది ఎలినార్. ఆ తరువాత నాతో, "రాతిపనివాడికి ఫోను చేయాలి, ఇక ఉంటాను" అని పెట్టేసింది.

ఆ ఫోను తరువాత నాకు ఇంకొక చలికాలం పట్టింది, వదిలేసిన వరుసలన్నీ తిరిగి పెట్టడానికి. డయాన్ నన్ను ఉద్యోగంలోనే ఉంచింది. తాతగారు తిరుగు ప్రయాణం కట్టేలోపు, దిద్దిన కాగితాలు రోజూ ఉదయం ఆయన ముందు పెట్టేదాన్ని. వేలు ఆగకుండా చివరికి జారితే అవి సరిగా ఉన్నట్టు. "ఇప్పుడు నిలబడింది" అనేవారు. అంతకు మించి మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు. ఆ తరువాతి నా ముప్పై ఏళ్ళ ఉద్యోగమంతా ఆ ఒక్క మాట అర్థమే. మార్కాపురం వెళ్ళినప్పుడు మా పెదనాన్న పాత ఉత్తరాలు రేకుపెట్టెలోంచి తీసి అమ్మకు మళ్ళీ చదివాను. పేర్లన్నీ చదివాను. ఆవిడ ప్రతి ఉత్తరంలోనూ మూడోదిగానే ఉంది. మా నాన్న లేడు వినడానికి. ఆయన ఉండగా నేను చదవకుండా దాటేసినవి అవే.

నేను రెండు చలికాలాలు మెడ వంచి చేసిన పనిని ఇప్పుడు ఒక యంత్రం ఒక మధ్యాహ్నంలో చేస్తుంది. నాకు ఈర్ష్య లేదు. నాకు అర్థం కాని అక్షరాలను కూడా అది పోల్చుకుంటుందని హర్షిత చెప్పింది. అది కూడా నాలాగే చురుకైనది. ఒకసారి చెప్పిన మాట మళ్ళీ ఎందుకని దానికీ తోస్తుంది. తేడా ఏమిటంటే, తీసేయడానికి ముందు పసుపు రంగు పూసి, ఎవరో ఒకరిని అడుగుతుంది. నేను అడగలేదు. దాని పక్కన కూర్చునే మనిషి ఫోను తీసి ఇంకొకరిని అడిగేంత జాగ్రత్తగా ఉంటే చాలు, ఆ పుస్తకాలు క్షేమంగా ఉంటాయని నాకు నమ్మకం.

సాయంత్రం నేనే ఫోను చేసి ఇదంతా హర్షితకు చెప్పాను. ఆ అమ్మాయి మధ్యలో ఒక్కసారి కూడా 'ఓకే ఆంటీ' అనలేదు. అయ్యాక కీబోర్డు చప్పుడు వినపడింది.

"దొరికింది ఆంటీ. మూడో రీడింగ్ లిస్ట్. ఫోర్త్ ఉంది హానా. మొత్తం ఎల్లోలో."

"రంగు తీసేయి. లైన్లు ఉంచు."

"ఓకే." కొంచెం ఆగి, "ఇది గట్టిగా చదవాలనిపిస్తోంది. చదవనా?" అంది.

"చదువు."

"అన్ని పేర్లా?"

అన్నీ అన్నాను. పడవ రేవు దగ్గర మొదలుపెట్టింది.